ఈఆర్‌టీ జాబితాలో పేర్లున్నాయి, నైట్ షిఫ్ట్‌లో మనుషులున్నారా?

ఫ్యాక్టరీలో ఎమర్జెన్సీ రెస్పాన్స్ టీమ్ (ఈఆర్‌టీ) ఎలా తయారవుతుందో అందులో పనిచేసే ఎవరిని అడిగినా చెబుతారు. ఆడిట్ దగ్గరపడగానే డిపార్ట్‌మెంట్‌కి ఇద్దరి పేర్లు పంపమని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తుంది. ఎవరు కాదనరో చూసుకుని హెచ్‌ఓడీ రెండు పేర్లు రాసి పంపేస్తాడు. బయటి ఏజెన్సీ వచ్చి పొద్దున క్లాసు చెబుతుంది, మధ్యాహ్నం ఇనుప ట్రేలో డీజిల్ పోసి అంటించి నలుగురైదుగురి చేత ఆర్పిస్తుంది. సర్టిఫికెట్లు వస్తాయి. నోటీసు బోర్డు మీద ఫైర్ ఫైటర్లు, ఫస్ట్ ఎయిడర్లు అంటూ రెండు వరుసల్లో ఫొటోలు ఎక్కుతాయి.

ఇప్పుడు ఆ టీమ్‌ని తయారుచేసే బాధ్యత మీ మీద పెట్టారనుకుందాం. మీ అసలు ఉద్యోగం మీకు ఉండనే ఉంది. ప్రొడక్షన్ టార్గెట్ తగ్గదు, దీనికంటూ వేరే బడ్జెట్టూ ఇవ్వరు. పటాన్‌చెరు నుంచి పరవాడ దాకా చాలా ప్లాంట్లలో పరిస్థితి ఇదే. ఈ పరిస్థితిలోనే పని జరగాలి, జరుగుతుంది కూడా. కాకపోతే ఎక్కడ చెడుతుందో ముందే తెలిసి ఉండాలి.

మొట్టమొదట చెడేది లెక్క. జాబితాలో 32 మంది ఉన్నారనుకోండి. అందులో పది మంది స్టోర్స్, క్యూసీ, అకౌంట్స్ వాళ్లు, జనరల్ షిఫ్ట్. సాయంత్రం ఆరింటికి బస్సెక్కేస్తారు. మిగిలిన 22 మందిని నాలుగు క్రూలకి పంచితే క్రూకి ఐదారుగురు. వాళ్లలో ఒకరు సెలవులో ఉంటారు. ఒకరు కంట్రోల్ రూమ్‌లో ప్యానెల్ చూస్తుంటారు, కుర్చీ వదలడానికి లేదు. ఇంకొకరు బాయిలర్ దగ్గర ఉంటారు, ఆయనా కదలకూడదు. అర్ధరాత్రి రెండింటికి సైరన్ మోగితే మీ చేతికొచ్చేది ఇద్దరో ముగ్గురో. హైడ్రెంట్ నుంచి ఒక్క హోస్ లైన్ నడపాలంటే బ్రాంచ్ పైపు పట్టుకోవడానికి ఇద్దరు, వాల్వ్ దగ్గర ఒకరు కావాలి. పడిపోయిన మనిషిని చూసుకునేదెవరు? గేటు దగ్గర ఫైరింజన్‌కి దారి చూపేదెవరు? 32 పేర్ల టీమ్ రాత్రిపూట ఒక్క హోస్‌కి బొటాబొటీగా సరిపోతుంది.

కాబట్టి జాబితా డిపార్ట్‌మెంట్ వారీగా కాకుండా షిఫ్ట్ వారీగా రాయండి. ఒక్కో క్రూలో సీటు వదిలి రాగలిగినవాళ్లనే లెక్కలోకి తీసుకోండి. సెక్యూరిటీ గార్డులను, కాంట్రాక్టు కార్మికులను తప్పకుండా చేర్చండి. రాత్రిపూట నిజంగా లోపల తిరిగేది వాళ్లే. కాంట్రాక్టు మనుషులు ఆరు నెలల్లో మారిపోతారు, వాళ్లకి శిక్షణ దండగ అనే మాట మీకు కచ్చితంగా వినిపిస్తుంది. ఆ ఆరు నెలలూ వాళ్లు మన సాల్వెంట్ డ్రమ్ముల మధ్యే ఉంటారు కదా, అదే జవాబు. వాళ్లలో ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లు ఉంటే వాళ్ల భాషలో చెప్పగల మనిషిని పక్కన పెట్టండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నడిపిన ‘ఆపద మిత్ర’ పథకంలో ఊళ్లలోని వాలంటీర్లకి 12 రోజుల శిక్షణ ఇచ్చారు. అది తీసుకున్నవాళ్లు మీ కార్మికుల్లోనే ఉండొచ్చు. అడిగి చూడండి.

ఫస్ట్ ఎయిడర్ల విషయంలో కూడా ఇదే లెక్క. ప్రతి 150 మందికి ఒక ఫస్ట్ ఎయిడ్ బాక్స్, ఆ బాక్స్‌కి సర్టిఫికెట్ ఉన్న ఒక బాధ్యుడు, పని జరిగే వేళంతా ఆ మనిషి అందుబాటులో ఉండటం – ఇది 1948 ఫ్యాక్టరీల చట్టం పెట్టిన నియమం. చాలా చోట్ల బాక్స్ ఉంటుంది, తాళం కూడా ఉంటుంది, తాళంచెవి మాత్రం జనరల్ షిఫ్ట్ సూపర్‌వైజర్ జేబులో ఇంటికి వెళ్తుంది.

పేర్లు తీసుకునేటప్పుడు మనిషిని విడిగా కూర్చోబెట్టి అడగండి. ఆస్తమా, అదుపులో లేని బీపీ, ఎత్తు భయం, ఇరుకు భయం ఉన్నవాళ్లు హెచ్‌ఓడీ ముందు చెప్పుకోలేరు. ఓహెచ్‌సీ (ప్లాంట్ ఆరోగ్య కేంద్రం) డాక్టరు చేత ఫిట్‌నెస్ చూపించండి. ఇష్టం లేనివాళ్లు తప్పుకోవడానికి వీలు కల్పించండి. మొహమాటానికి ఒప్పుకున్న మనిషి అసలు సమయానికి కనిపించడు. కనిపించినా పక్కవాడికి అదనపు భారం.

ఇక ఏం నేర్పాలి? అందరూ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌తో మొదలుపెడతారు. నేనైతే అలారంతో మొదలుపెట్టమంటాను. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చి ఆర్‌ఆర్ వెంకటాపురం చుట్టుపక్కల పన్నెండు మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తన విచారణలో, ఆ ప్లాంట్‌లో 36 చోట్ల సైరన్ నొక్కే ఏర్పాటు ఉండి కూడా దాన్ని వాడలేదని చెప్పింది. ఈ సంగతి ప్రతి బ్యాచ్‌కీ చెప్పండి. సైరన్ ఎందుకు నొక్కరో మనకు తెలుసు. చిన్నదైతే మనమే సర్దేద్దాం అనుకుంటారు. నొక్కాక ఏమీ లేదని తేలితే మెమో వస్తుందని భయపడతారు. ఈ భయం క్లాసుతో పోదు. తప్పుడు అలారం నొక్కినవాళ్లని ఏమీ అనబోమని ప్లాంట్ హెడ్ చేత రాతపూర్వకంగా ఇప్పించి బోర్డు మీద పెట్టండి. ఆ తర్వాత మొదటిసారి ఎవరైనా పొరపాటున నొక్కినప్పుడు మేనేజ్‌మెంట్ ఏం చేస్తుందో అందరూ గమనిస్తారు. ఆ రోజు మీరు గట్టిగా నిలబడాలి.

ఎక్స్‌టింగ్విషర్ విషయంలో వాలంటీర్‌కి ముందు దాని పరిమితి తెలియాలి. 6 కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్ పది పదిహేను సెకన్లు, మహా అయితే ఇరవై సెకన్లు వస్తుంది. అంతలో ఆరకపోతే అది మీ వల్ల ఆరే మంట కాదు. ఈ సంగతి మాటల్లో చెబితే ఎక్కదు. స్టాప్‌వాచ్ పెట్టి ఒక సిలిండర్ ఖాళీ చేయించండి, అప్పుడు ఎక్కుతుంది. దీనికి బడ్జెట్ అడగనక్కర్లేదు. రీఫిల్‌కి పంపాల్సిన సిలిండర్లని నేరుగా పంపేయకుండా ప్రాక్టీసుకి వాడి పంపండి. అన్నీ ఒకేసారి కాకుండా ఏడాది పొడవునా నెలకి కొన్ని పంపేలా చూసుకుంటే ప్రతి నెలా ప్రాక్టీసు దొరుకుతుంది. సీఓటూ సిలిండర్ పట్టుకునేటప్పుడు హారన్ మీద చెయ్యి వేస్తే చల్లదనానికి చర్మం పోతుంది, హ్యాండిల్ దగ్గరే పట్టుకోవాలి. దానికి గేజ్ ఉండదు కాబట్టి బరువు తూచి చూడాలి. చిన్న ప్యానెల్ రూమ్‌లో సీఓటూ కొట్టి అక్కడే నిలబడితే మనిషికే గాలి అందదు.

మీ ప్లాంట్‌లో ఏముందో దాన్ని బట్టి నేర్పండి. ట్రేలో డీజిల్ మంట ఎర్రగా, నల్లటి పొగతో కనిపిస్తుంది. మిథనాల్ మంట పగటి వెలుతురులో దాదాపు కనపడదు. కళ్లతో చూసి ఏమీ లేదనుకుని దగ్గరికి వెళ్లినవాళ్లు కాలిపోతారు. గాలి మరిగినట్టు కదలడం, వేడి తగలడం, పెయింట్ ఉబ్బడం, ఇవి గమనించడం నేర్పాలి. సోడియం లోహం, హైడ్రైడ్‌లు వాడే బ్లాకుల్లో నీళ్లు కొడితే హైడ్రోజన్ పుట్టి మంట రెట్టింపవుతుంది. అక్కడ పొడి ఇసుకో, లోహాల మంటకి పనికొచ్చే పౌడరో వాడాలి. బయటి ఏజెన్సీ ట్రైనర్‌కి ఇవి తెలియవు. బ్లాక్ ఇన్‌చార్జి చేత అరగంట చెప్పించుకోండి.

వెనక్కి ఎప్పుడు రావాలన్నది వాలంటీర్ విచక్షణకి వదలొద్దు. ఉద్రేకంలో ఉన్న మనిషి ఇంకొక్క నిమిషం అనే అనుకుంటాడు. ముందే నియమంగా పెట్టండి. బయటికి వెళ్లే దారి వీపు వెనక లేకపోతే మొదలే పెట్టొద్దు. ఏ రసాయనమో తెలియకపోతే దగ్గరికి పోవద్దు. ఒక సిలిండర్ అయిపోయాక మంట తగ్గకపోతే, పొగ తల ఎత్తుకి దిగితే, బయటికి వచ్చెయ్యాలి. ప్రతి ప్రాక్టీసులో ఈ వెనక్కి రావడం కూడా చేయించండి, మంట వైపు ముఖం పెట్టి అడుగులు వెనక్కి వేస్తూ. పొగను తక్కువ అంచనా వేయొద్దు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో చనిపోయిన ఆరుగురినీ తీసుకెళ్లింది పొగే. అది ఫ్యాక్టరీ కూడా కాదు, ఆఫీసులున్న భవనం.

ఇప్పుడు చెప్పేదాని మీద మిగతా అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టండి. ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి) ట్యాంకు, సంప్, మ్యాన్‌హోల్, రియాక్టర్ లోపలి భాగం. శుభ్రం చేయడానికి దిగిన మనిషి పడిపోతాడు. పైన ఉన్నవాడు అతన్ని చూసి, ఏం జరిగిందోనని దిగుతాడు. అతనూ పడతాడు. మూడో మనిషి ఈలోగా పరిగెత్తుకొస్తాడు. ఇలా ఇద్దరు ముగ్గురు ఒకే గుంతలో చనిపోయిన వార్తలు మనం ప్రతి ఏడాదీ చదువుతున్నాం. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. 100 పీపీఎం దాటేసరికి ముక్కు పనిచేయడం మానేస్తుంది. వాసన పోయింది కదా అని దిగితే నేరుగా చావులోకి దిగినట్టే. నైట్రోజన్‌కి అసలు వాసనే లేదు.

దిగే మనిషి మన తోటివాడు, రోజూ కలిసి టిఫిన్ చేసేవాడు. అతను కళ్ల ముందు పడిపోయి ఉంటే ఆగమని చెప్పడం తేలిక, ఆగడం తేలిక కాదు. అందుకే దిగక్కర్లేని ఏర్పాటు ముందే ఉండాలి. లోపలికి వెళ్లే మనిషికి హార్నెస్, తాడు, పైన ట్రైపాడ్, వించ్. పడిపోతే పైనుంచే లాగాలి. ఇవి లేకుండా పర్మిట్ మీద సంతకం పెట్టొద్దు, ఎవరు ఫోన్ చేసినా సరే. ఫోర్ గ్యాస్ మీటర్‌తో పైన, మధ్యలో, అడుగున కొలవాలి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువైతే ప్రవేశం లేదు. డ్రిల్‌లో ఒక బొమ్మని లోపల పెట్టి, స్టాండ్‌బై మనిషి ఏం చేస్తాడో చూడండి. లోపలికి కాలు పెట్టాడంటే డ్రిల్ అక్కడికక్కడే ఆపేసి మళ్లీ మొదటి నుంచి చేయించండి.

ఎస్‌సీబీఏ (వీపున మోసే గాలి సిలిండర్, మాస్క్) సెట్ తగిలించుకుని వెళ్లేవాళ్లకి ఇంకొక లెక్క ఉంది. 6 లీటర్ల సిలిండర్ 300 బార్ నిండితే 1800 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల చొప్పున 45 నిమిషాలు అని సిలిండర్ మీద రాస్తారు. మెట్లెక్కి, మనిషిని లాగుతూ, భయంతో ఊపిరి తీస్తే నిమిషానికి 60 లీటర్లు దాటుతుంది, అంటే అరగంట కూడా రాదు. అందులోనే తిరిగి రావడానికి గాలి మిగలాలి. గడ్డం ఉంటే మాస్క్ అంచు ముఖానికి అతుక్కోదు, విషవాయువు లోపలికి వస్తుంది. ఈ మాట చెప్పడానికి మొహమాటపడే ట్రైనర్లున్నారు. గడ్డం తీయలేనివాళ్లకి వేరే పని అప్పగించండి, అందులో అవమానమేమీ లేదు.

వైద్య సాయానికి వద్దాం. సీపీఆర్ క్లాసులో అందరూ తల ఊపుతారు. రొమ్ము ఎముక కింది సగం మీద, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. బొమ్మ మీద ఒక్కొక్కరి చేత పూర్తి రెండు నిమిషాలు చేయిస్తే నిజం బయటపడుతుంది. నిమిషం దాటగానే చేతులు అలసి లోతు తగ్గిపోతుంది, చేసేవాడికి ఆ సంగతి తెలియదు. అందుకే రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. మారేటప్పుడు ఎక్కువసేపు ఆగకూడదు. ఇది జంటగా ప్రాక్టీసు చేయాల్సిన పని. ఇంకో పొరపాటు: గుండె ఆగిన మనిషి కొన్నిసార్లు చేప నోరు తెరిచినట్టు అప్పుడప్పుడూ గాలి మింగుతాడు. ఊపిరి ఉందనుకుని అందరూ చుట్టూ నిలబడిపోతారు. అది ఊపిరి కాదు, వెంటనే మొదలుపెట్టాలి. పరీక్షించడానికి పది సెకన్లకి మించి తీసుకోవద్దు. ఒక్కో నిమిషం ఆలస్యానికి బతికే అవకాశం దాదాపు పది శాతం చొప్పున పడిపోతుంది. ఏఈడీ (గుండెకి షాక్ ఇచ్చే యంత్రం) కొనిపించగలిగితే కొనిపించండి, కానీ దాన్ని తాళం వేసిన ఓహెచ్‌సీ గదిలో పెట్టనివ్వకండి.

కరెంట్ షాక్ అయితే ముందు మెయిన్ ఆపాలి, తర్వాతే మనిషిని ముట్టుకోవాలి. కాలిన గాయాల మీద టూత్‌పేస్ట్, పసుపు, సిరా పూసే అలవాటు ఇప్పటికీ పోలేదు. కుళాయి నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పోయాలి, ఐస్ వద్దు. ఉంగరం, వాచీ, కడియం వాపు రాకముందే తీసేయాలి. కంట్లో యాసిడ్ పడితే ఐవాష్ దగ్గర కనీసం పదిహేను నిమిషాలు. మంటకి మనిషి కళ్లు గట్టిగా మూసుకుంటాడు కాబట్టి పక్కనున్నవాళ్లు రెప్పలు తెరిచి పట్టుకోవాలి. పాము కరిస్తే కట్టు బిగించకుండా, కోయకుండా, కదలనీయకుండా ఆస్పత్రికి. ప్లాంట్ చుట్టూ పొదలున్న చోట ఇది కూడా మన పనే.

చాలామంది మర్చిపోయేది అప్పగింత. 108 వచ్చేసరికి ఏమైంది, ఎన్నింటికి, ఏ రసాయనం, ఇప్పటిదాకా ఏం చేశాం అన్న నాలుగు ముక్కలు ఒక చీటీ మీద రాసి ఇవ్వాలి. ఆ రసాయనం సేఫ్టీ డేటా షీట్ కాపీ పేషెంట్ వెంట ఆస్పత్రికి వెళ్లాలి. డ్యూటీ డాక్టరుకి పేరు తెలియని కెమికల్ అయితే చికిత్స ఆలస్యమవుతుంది. షీట్లన్నీ ప్రింట్ తీసి గేటు దగ్గర ఫైల్‌లో పెట్టించండి. రాత్రిపూట సేఫ్టీ ఆఫీసర్ కంప్యూటర్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు.

నేర్చుకున్నది నిలబడదు, ఇది గట్టిగా గుర్తుంచుకోండి. సీపీఆర్ నైపుణ్యం మూడు నుంచి ఆరు నెలల్లో పోవడం మొదలవుతుంది. మన దగ్గరేమో మార్చి 4న నేషనల్ సేఫ్టీ డేకి ఒక డ్రిల్, ఏప్రిల్ 14న ఫైర్ సర్వీస్ వారోత్సవానికి ఇంకొకటి. ఆ ఏప్రిల్ 14, 1944లో బొంబాయి డాక్స్‌లో ఫోర్ట్ స్టికైన్ ఓడ పేలినప్పుడు మంటలార్పుతూ చనిపోయిన ఫైర్‌మెన్ జ్ఞాపకార్థం పెట్టుకున్న రోజు. వాళ్ల పేరు చెప్పి ఫొటో డ్రిల్ చేయడం నాకు బాధగా ఉంటుంది.

రెండు రోజుల ట్రైనింగ్‌కి మనుషుల్ని వదలమంటే ప్రొడక్షన్ హెడ్ ఒప్పుకోడు, ఆయన టార్గెట్లు ఆయనకున్నాయి. షిఫ్ట్ మారే సమయంలో క్రూకి పదిహేను రోజులకొకసారి ఇరవై నిమిషాలు అడగండి, ఇస్తాడు. ఒక్కో సారి ఒక్కటే పని: ఈసారి హోస్ పరిచి కలపడం, వచ్చేసారి సీపీఆర్, ఆపైన ఎస్‌సీబీఏ తగిలించుకోవడం. ఏడాదికి క్రూకి ఎనిమిది గంటలు దాటుతుంది, ఒక్క రోజు క్లాసు కంటే ఇది చాలా నయం. హాజరు, టైమింగ్ రిజిస్టర్‌లో రాయండి. ఈఆర్‌టీ పనిని కేఆర్‌ఏలో చేర్పించడానికి హెచ్‌ఆర్‌తో పోరాడండి. అప్రైజల్‌లో మార్కు లేని పనికి మంచివాళ్లు కూడా కొన్నాళ్లకి రావడం మానేస్తారు, వాళ్లని తప్పుపట్టలేం.

డ్రిల్ ముందే చెప్పి చేస్తే అందరూ పాసవుతారు. చెప్పకుండా, రాత్రి షిఫ్ట్‌లో, ప్లాంట్ హెడ్ ఒక్కరికే తెలిసేలా పెట్టండి. అప్పుడు అసలు జబ్బులు బయటికొస్తాయి. ఫైర్ పంపు ఆటోలో కాకుండా మాన్యువల్‌లో ఉంటుంది. డీజిల్ పంపు బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. హోస్ కప్లింగ్‌లో వాషర్ ఉండదు, నీళ్లు సగం అక్కడే పోతాయి. ఫైరింజన్ వచ్చే దారిలో లోడింగ్ లారీ నిలబడి ఉంటుంది. అసెంబ్లీ పాయింట్ గాలి వీచే వైపే ఉంటుంది, విండ్ సాక్ వైపు ఎవరూ చూడరు. హెడ్ కౌంట్‌లో గేట్ పాస్ లెక్కకీ నిలబడిన మనుషులకీ ముగ్గురి తేడా వస్తుంది. ఆ ముగ్గురు కాంట్రాక్టర్ మనుషులు, టీకి వెళ్లారో లోపల ఉన్నారో ఎవరూ చెప్పలేరు. నిజమైన ప్రమాదంలో అయితే వాళ్ల కోసం ఎవరో ఒకరు లోపలికి వెళ్లేవాడు. వీటిలో ఒక్కొక్కదానికి బాధ్యుడి పేరు, తేదీ రాసి ప్లాంట్ హెడ్ సంతకం తీసుకోండి. తేదీ దాటితే మళ్లీ రాయండి. గొంతు పెంచక్కర్లేదు, కాగితం చాలు.

వాలంటీర్లు మిమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంటుంది: నా చేతుల్లో మనిషి పోతే నా మీద కేసవుతుందా? రోడ్డు ప్రమాదాల్లో సాయం చేసినవాళ్లకి మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అది రోడ్డుకి సంబంధించినది, దాన్నే ఫ్యాక్టరీ లోపలికీ వర్తిస్తుందని చెప్పి మభ్యపెట్టొద్దు. ఈఆర్‌టీ పనిని కంపెనీ డ్యూటీగా రాతపూర్వకంగా నియమించిందని, గాయపడితే ఇన్సూరెన్స్ వర్తిస్తుందని లెటర్ ఇప్పించండి. లెటర్ ఇవ్వని కంపెనీలో మనిషిని మంట దగ్గరికి పంపే హక్కు మీకు లేదు. అలాగే ఒక మరణం చూసి వచ్చిన వాలంటీర్‌ని మర్నాడే అదే బ్లాక్‌లో డ్యూటీకి వేయకండి. కూర్చోబెట్టి మాట్లాడండి, డాక్టరుకి చూపించండి, రెండు రోజులు సెలవు ఇప్పించండి. నిద్ర పట్టడం లేదని అతను మీతో చెప్పడానికి నెల పట్టొచ్చు.

ఈ వారం మీరు చేయాల్సింది ఒక్కటే. టైమ్ ఆఫీస్ నుంచి నైట్ షిఫ్ట్ రోస్టర్ తెప్పించుకుని, ఈఆర్‌టీ జాబితా పక్కన పెట్టుకుని, రాత్రి రెండింటికి సీటు వదిలి రాగలిగిన పేర్లకి టిక్కు పెట్టండి. ఆ సంఖ్య ఆరు కంటే తక్కువొస్తే, సోమవారం మీటింగ్‌లో మొదటి పాయింట్‌గా అదే చెప్పండి.